జోఫ్కా క్వేదర్ కథ తెలుగులకు తేవాలంటే: పేరెట్ల రాయాలె, ఎక్కడ తప్పుతం?

నల్లగొండ చదువరి:

మార్చి 8 కోసం ఇక్కడి డిగ్రీ కాలేజీ తెలుగు విభాగం పిల్లలు గోడపత్రిక తీస్తుండ్రు. ఈసారి బయటి దేశం రచయిత్రిని పరిచయం చేద్దామని స్లోవేనియా ఆమె జోఫ్కా క్వేదర్‌ను ఎంచుకున్నరు. రెండు చార్టులల్ల ఆమె జీవితం, ఇంకో రెండిట్ల ఆమె మొదటి పుస్తకంలనుంచి ఒక చిన్న కథ. పరిచయానికి రాసుకున్న చిత్తు ఇది:

"యుగోస్లావియాలో పుట్టిన జోఫ్కా క్వెడర్ స్లోవేనియా దేశపు మొదటి రచయిత్రి. ప్రాగ్ వెళ్ళి వైద్యం చదివింది. ఆమె పోరాట ఫలితంగా 1918లో అక్కడి స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. ఆమె మన భండారు అచ్చమాంబ లాంటిది."

కథనేమో ఫోన్‌ల ఇంగ్లీషులకు మార్చి, దాన్ని తెలుగు చేసిండ్రు. చదివితే మాట్లాడేది ఆడమనిషో మగమనిషో తెలుస్తలేదు. ఇద్దరున్నరో పదిమందున్నరో కూడ తెలుస్తలేదు. తప్పెక్కడున్నది? ఎవరి అనుమతన్నా తీసుకోవాల్నా? తెలిసినోళ్ళు చిత్తు మీద ఎర్ర సిరా పెట్టుండ్రి, పిల్లలు ఏమనుకోరు.

డిండి వాగు:

ఎర్ర సిరా అడిగారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. నాలుగు వాక్యాల్లో మూడు నిలబడవు. నాలుగోదాని సంగతి అచ్చమాంబ గురించి ఎక్కువ తెలిసినవాళ్ళు చూస్తారు.

ఆమె పుట్టింది 1878 ఏప్రిల్ 22న, లుబ్లియానాలో. అప్పటికి యుగోస్లావియా అనే దేశమే లేదు. ఆ రాజ్యం ఏర్పడింది 1918లో. ఆమె పుట్టినప్పుడు లుబ్లియానా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని క్రాన్స్కా అనే ప్రాంతానికి ముఖ్యపట్టణం. ఇది పిల్లలకు బాగా పట్టించండి, ఎందుకంటే ఆమె తిరిగిన దారి అంతా దీనిమీదే అర్థమవుతుంది. ట్రియెస్ట్, లుబ్లియానా, ప్రాగ్, జాగ్రెబ్ నాలుగూ ఇప్పుడు నాలుగు దేశాల్లో ఉన్నాయి. అప్పుడు అన్నీ ఒకే చక్రవర్తి కింద. ఆమె వలస వెళ్ళిన రచయిత్రి అని రాస్తే పొరపాటు. బెర్న్, మ్యూనిక్ మాత్రమే సరిహద్దు దాటి వెళ్ళిన ఊళ్ళు.

బెర్న్ ఎందుకంటే, లుబ్లియానాలో విశ్వవిద్యాలయమే లేదు. అది వచ్చింది 1919లో. వియన్నాలో ఆడపిల్లలకు తత్వశాస్త్ర విభాగం తలుపు తెరిచింది 1897లో, వైద్యం 1900లో, న్యాయశాస్త్రం 1919లో. స్విట్జర్లాండ్ విశ్వవిద్యాలయాలు అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఆడవాళ్ళను చేర్చుకున్నాయి. అందుకే 1899లో ఆమె చదువు కోసం బెర్న్ వెళ్ళింది. చేతిలో డబ్బు లేదు, సంపాదించుకుంటూ చదవాలి, అది సాగలేదు. తర్వాత మ్యూనిక్, 1900లో ప్రాగ్. వైద్యం చదివింది ఆమె కాదు, ఆమె పెళ్ళి చేసుకున్న వ్లాదిమీర్ యెలోవ్‌షెక్. అతను కవి కూడా. మీ పిల్లలు ఇద్దరి జీవితాలను కలిపేశారు.

"మొదటి రచయిత్రి" అనే మాట కొట్టేయండి. ఆమెకు ముందు యోసిపీనా తుర్నోగ్రాయ్‌స్కా (1833–1854), లుయీజా పెస్యాక్ (1828–1898), పావ్లీనా పాయ్క్ (1854–1901) ఉన్నారు. క్వేదర్ ప్రత్యేకత వేరు. రాతనే వృత్తిగా చేసుకుని, దానిమీదే బతికిన మొదటి స్లోవేన్ స్త్రీగా ఆమెను చెప్తారు. "మొదటి రచయిత్రి" అనకుండా ఈ వాక్యం రాస్తే సరిపోతుంది, పైగా ఇదే పెద్ద మాట.

ఓటు హక్కు సంగతి: 1918లో ఏర్పడిన రాజ్యం ఆడవాళ్ళకు ఓటు ఇవ్వలేదు. అది వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1945లో. క్వేదర్ అప్పటికి చనిపోయి పంతొమ్మిదేళ్ళు (జాగ్రెబ్, 1926 నవంబరు 21). ఆమె ఓటు సాధించింది అని రాస్తే ఆ మధ్యలో పనిచేసినవాళ్ళందరినీ తుడిచేసినట్టు అవుతుంది. 1938లో స్త్రీ స్థితిగతుల మీద పుస్తకం రాసి, 1944లో రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరానికి వెళ్ళి, తిరిగొచ్చాక 1947లో సొంత దేశపు కొత్త ప్రభుత్వం చేతిలోనే జైలుపాలైన ఆంగెలా వోదె లాంటివాళ్ళు ఆ మధ్యలోనే ఉన్నారు.

క్వేదర్ పనిని మూడు ఊళ్ళకు మూడు పత్రికలు పెట్టి చెప్పవచ్చు. ఇది చార్టు మీద బాగా కూర్చుంటుంది.

ట్రియెస్ట్: అక్కడి స్లోవేన్ రాజకీయ పత్రిక 'ఎదీనోస్త్'కు అనుబంధంగా 1897లో 'స్లోవెంకా' మొదలైంది. స్లోవేన్ భాషలో స్త్రీల మొదటి పత్రిక ఇదే. మొదటి సంపాదకురాలు మారిత్స నాద్లిషెక్. 1899లో పెళ్ళయ్యాక ఆమె తప్పుకుంది. తర్వాత ఇవాంకా అన్జిచ్ (ఇంటిపేరు తర్వాత క్లెమెన్చిచ్) 1902లో పత్రిక ఆగేదాకా నడిపింది. మొదట్లో స్వరం "జాతికి తల్లులు మీరే, పిల్లలకు మన భాష నేర్పండి" అన్నట్టు ఉండేది. ఇవాంకా చేతికి వచ్చాక ఉద్యోగం, చదువు, హక్కు అనే వైపు తిరిగింది. యువ క్వేదర్ రాతలు వచ్చిన చోటు ఇది.

ప్రాగ్: ఇది నాకు బాగా నచ్చే సంగతి. 1904 నుంచి ఆమె సంపాదకత్వం వహించిన 'దొమాచి ప్రియాతెల్' (ఇంటి నేస్తం) ఒక వ్యాపార సంస్థ వెలువరించిన మాసపత్రిక. విద్రా అనే ప్రాగ్ సంస్థ గింజలు వేయించి కాఫీకి బదులు పొడి చేసి అమ్మేది. గిరాకీ కోసం పత్రిక. ఆ కాఫీపొడి ప్రకటనల పక్కనే ఆమె మంచి సాహిత్యాన్ని పెట్టింది. మన దగ్గర పంచాంగం వెనక సబ్బు ప్రకటన ఉంటుంది కదా, దాన్ని తిరగేస్తే ఇది.

జాగ్రెబ్: 1906లో అక్కడికి మారింది. 1917లో 'జెన్‌స్కి స్వియెత్' (స్త్రీ లోకం) అనే పత్రిక మొదలుపెట్టింది. అది పేరు మారి 1920 దాకా నడిచింది. ఈ దశలో ఆమె క్రొయేషియన్‌లో, జర్మన్‌లో కూడా రాసింది. రెండో భర్త యురాయ్ దెమెత్రోవిచ్ రాజకీయ నాయకుడు. ముగ్గురు కూతుళ్ళు, పెద్దమ్మాయి 1919లో చనిపోయింది. ఇంతకు మించి కుటుంబ వివరాలు చార్టుకు ఎక్కించకండి. ఆడవాళ్ళ పరిచయాల్లో సగం చోటు భర్తలే తినేస్తారు.

పిల్లలమర్రి నీడ:

పైన జీవితం సంగతి వచ్చింది కాబట్టి అనువాదం గురించి చెప్త.

మొదట హక్కులు. మన చట్టంల రచయిత పోయిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏండ్లు లెక్క. ఆమె 1926ల పోయింది, అంటే 1986 ఆఖరుకు తీరిపోయింది. అక్కడి లెక్క 70 ఏండ్లు, అది కూడ 1996తో అయిపోయింది. మూలం నుంచి చేస్తే ఎవరినీ అడగనక్కరలేదు. ఈ మధ్య ఇంగ్లీషులకు ఎవరన్నా చేసిన అనువాదం తీసుకొని తెలుగు చేస్తే మాత్రం ఆ అనువాదకుల హక్కు ఉంటది, అనుమతి కావాలె. మూలం వికీవిర్‌ల దొరుకుతది, అది స్లోవేన్ వికీసోర్స్. పాత పత్రికల పుటలు కావాలంటే స్లోవేనియా డిజిటల్ లైబ్రరీ ఉన్నది, డబ్బులు అడగదు. వెతికేటప్పుడు అక్షరాల మీది చిన్న గుర్తులు వదిలేసినా చాలాసార్లు దొరుకుతది. దొరకకపోతే పుస్తకం పేరు కాపీ చేసి పెట్టుండ్రి.

ఇగ ఫోన్ ఎందుకు తప్పిందంటే, ఇంగ్లీషు మధ్యల దూరినందుకే. స్లోవేన్‌ల ఉన్న మూడు సంగతులు ఇంగ్లీషుల లేవు. అక్కడ రాలిపోయినంక తెలుగుకు వచ్చేసరికి ఏం మిగులుతది?

ఒకటి, క్రియల లింగం. మనకు ప్రథమ పురుషల వచ్చిండు, వచ్చింది అని తేడా ఉన్నది. ఉత్తమ పురుషల లేదు, ఆడామె అన్నా మగాయన అన్నా "పనిచేసిన" అనే అంటరు. స్లోవేన్‌ల గతకాలం చెప్పేటప్పుడు "నేను" అనే మాట లేకపోయినా మాట్లాడేది ఎవరో తెలుస్తది. మగాయన అంటే "దేలవ్ సెమ్", ఆడామె అంటే "దేలాలా సెమ్". రెండిటికీ అర్థం నేను పనిచేసిన అనే. క్వేదర్ కథల "నేను" అని ఆడమనిషి చెప్పుతుంటే అక్కడి పాఠకునికి మొదటి వాక్యంలనే అందుతది. మన దగ్గర రెండు పేరాలు అయినంక గానీ తెల్వదు. దీనికి మందు ఒక్కటే: మొదటి రెండు వాక్యాలల్ల ఆమె ఆడమనిషని తెలిసే సూచన ఏదన్నా మూలంలనే ఉంటదేమో చూడాలె. కొంగో, గౌనో, తల్లితనమో. అది ముందుకు తెచ్చుకోవచ్చు. కొత్తది కల్పించొద్దు. "ఒక స్త్రీగా నేను" అని మాత్రం రాయొద్దు, కథ ఉపన్యాసం అయితది.

రెండోది ద్వివచనం. మన సంస్కృతం మాస్టర్లు చెప్పే ద్వివచనం స్లోవేన్‌ల ఇప్పటికీ మాట్లాడే భాషల ఉన్నది. "మిద్వా" అంటే మేమిద్దరం. ఇద్దరూ ఆడోళ్ళయితే "మిద్వె". ముగ్గురూ ఆపైన మగవాళ్ళో కలిసినవాళ్ళో అయితే "మి", అందరూ ఆడోళ్ళయితే "మె". ఆ "మె" మన "మేం" లెక్కనే వినపడుతది, కాని దాని అర్థం మేం ఆడోళ్ళం అని. స్త్రీల గురించి రాసిన పుస్తకంల ఈ ఒక్క అక్షరానికి ఎంత బలముంటదో చూడుండ్రి. ఇంగ్లీషుల అన్నీ కలిసి ఒక్క మాట అయిపోయినయి, అందుకే మీకు ఇద్దరో పదిమందో తెల్వలేదు. తెలుగుల "ఇద్దరం", "మేమిద్దరం", "ఆడోళ్ళమంతా" అని విప్పి రాయాలె. ప్రతిసారి రాస్తే ఎబ్బెట్టుగుంటది. సంగతి మారే చోట, అంటే ముగ్గురల్ల ఒకరు పోయి ఇద్దరు మిగిలిన చోట రాస్తే చాలు.

దీనికి ఎదురు మనకున్నదీ ఒకటున్నది. మనం, మేము అనే తేడా వాళ్ళకు లేదు. మూలంల "మె" వచ్చిన ప్రతిసారి మీరు తీర్మానం చేయాలె: వినేటామె ఆ గుంపుల ఉన్నదా లేదా? ఈ తీర్మానం చేయకుండ చేసిన అనువాదం ఒక పేరాల మనం, ఇంకో పేరాల మేము అని ఊగుతది.

మూడోది మర్యాద. వాళ్ళకు "తి" (నువ్వు), "వి" (మీరు) ఉన్నయి. పాత రోజుల పాదిరికీ, పెద్దలకూ ఎదురుంగనే "వారు" అని బహువచనంల మాట్లాడేది. ఆ వాడుక పేరు ఓనికాన్యె. ఫోన్ దాన్ని అక్కడ లేనోళ్ళెవరి గురించో మాట్లాడుతున్నట్టు మారుస్తది. మనకు మాత్రం ఇది ఇంటి విద్యే, "అయ్యగారు ఏమంటరో" అని ఎదురుంగున్న అయ్యగారితోనే అంటం. పాత స్లోవేన్ కథల సంభాషణల ఉన్నట్టుండి "వాళ్ళు" వస్తే, ఎదురుంగ పాదిరో పెద్దమనిషో ఉన్నరా అని మొదట చూడుండ్రి.

నిఘంటువు సంగతి మరిచిపోయేటోన్ని. ఇప్పటి మాటల పుస్తకం 1900 నాటి రాతకు సాలదు. ఫ్రాన్ అనే స్లోవేన్ నిఘంటువుల పోర్టల్ల ప్లెతెర్ష్‌నిక్ 1894–95ల తెచ్చిన స్లోవేన్-జర్మన్ నిఘంటువు ఉన్నది. ఆ కాలానిదే కాబట్టి అర్థాలు సరిగ్గ పడుతయి. జర్మన్ మాటను తిరిగి ఇంకోదాంట్ల చూసుకోవాలె, రెండు మెట్ల పని. అయినా ఫోన్ కంటే నయం. ఊర్ల పేర్లు కూడ మోసం చేస్తయి. "దూనాయ్" అని ఉంటే వియన్నా, "త్ర్స్త్" అంటే ట్రియెస్ట్, "గ్రాదెత్స్" అంటే గ్రాజ్. "రేకా" అయితే చిన్న అక్షరంతో మొదలైతే నది, పెద్దక్షరంతో అయితే ఒక రేవు పట్నం. వాక్యం మొదట్ల వస్తే పెద్దక్షరమే ఉంటది కదా, అక్కడ తెలివిగ చూడాలె.

నల్లగొండ చదువరి:

ఓటు హక్కు వాక్యం, వైద్యం వాక్యం అప్పుడే కొట్టేసిండ్రు. పేరు క్వెడరా, క్వేదరా? ఇంకొకటి, పుస్తకం పేరు "స్త్రీ రహస్యం" అని పెట్టిండ్రు. కథల తాగివచ్చే మొగుడున్నడు, దాన్ని ఇక్కడి కల్లు దుకాణం చేస్తే పిల్లలకు దగ్గరైతదని ఒక అమ్మాయి అంటున్నది. సరేనా?

పిల్లలమర్రి నీడ:

కల్లు వద్దు. కల్లు తీపి పులుపుల మధ్యది, పొద్దుగాల దించింది సాయంత్రానికి మారుతది, దాని చుట్టూ ఒక కులం బతుకున్నది. వాళ్ళ "జ్గాన్యె" బట్టీల కాచిన పండ్ల సారా. మనకు సారా అనే మాట ఉన్నది, దాని దెబ్బ ఏందో ఆడోళ్ళకు చెప్పనక్కరలేదు. "వీనో" అని ఉంటే వైన్ అనే రాయుండ్రి. తిండి అయినా అంతే. పిండిని ఉడికించి గట్టిగ చేసిన వంటకం కనిపిస్తే గటక లాంటిది అని ఒకసారి అనొచ్చు, జొన్నగటక అని మాత్రం అనొద్దు.

అక్షరం సంగతి: వాళ్ళ ద, త పళ్ళకు తగిలేవి, మన ద, త లాంటివే. ఇంగ్లీషు అలవాటుతో డ, ట రాస్తరు, అది తప్పు. కాబట్టి క్వేదర్. మొదటి అక్షరం దీర్ఘం, చివరిది తేలిక. మాట చివర లకారం రాసి ఉన్నా వకారంగ పలుకుతరు, పైన "దేలవ్" అన్నది రాతల లకారమే. వాళ్ళ జకారాలు రెండు. జోఫ్కాల ఉన్నది మన జడ, జాలి అన్నప్పటి జకారానికి దగ్గర. జెనాల ఉన్నది మనకు లేదు. రెండిటికీ జ రాసి వదిలేయుండ్రి, ఝ రాస్తే ఒత్తి పలుకుతరు. మారిత్స పేరుల త్స అనేది మన చాప, చలి మాటల చకారమే.

పేరు "మిస్తేరీ జెనె". జెనా అంటే ఆడమనిషి, పెండ్లాం కూడ అదే మాట. మనకు రెండు మాటలైనయి, అక్కడ రెండూ ఒక్కటే. ఆ పుస్తకం అంతా ఆ ఒక్క మాటల ఇరుక్కున్న బతుకుల గురించే. "ఆడదాని మర్మం" అంటే కొంత దగ్గరికి వస్తది అనిపిస్తది, మీ ఇష్టం. "రహస్యం" అంటే అపరాధ పరిశోధన నవల అనుకుంటరు.

కొలనుపాక దారి:

అచ్చమాంబ గురించి రెండు మాటలు. పోలిక పెట్టండి కానీ "లాంటిది" అనే మాట తీసేయండి.

కాలం దగ్గరే. అచ్చమాంబ 1874లో పుట్టారు, క్వేదర్ కంటే నాలుగేళ్ళు పెద్ద. 1905లో పోయారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చిన్ననాటి చదువు భువనగిరిలో, తర్వాత ఆయన మునగాల దివాను. కాబట్టి నల్లగొండ పిల్లలకు ఆమె పరాయి మనిషి కాదు. పేరు ముందు 'మన' అని పిల్లలు రాయడం ఎంత సబబో వాళ్ళకే తెలిసినట్టు లేదు, తమ్ముడి చదువు సంగతి ఒక వాక్యంలో చేర్చండి. 1902లో ఆమె మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు, అదే ఏడు 'హిందూసుందరి' పత్రికలో 'ధనత్రయోదశి' కథ వచ్చింది. 'మిస్తేరీ జెనె' 1900. ఇంతవరకు పక్కపక్కన రాయవచ్చు.

తేడా చదువు దగ్గర మొదలవుతుంది. క్వేదర్ లుబ్లియానాలో ఉర్సులిన్ సన్యాసినుల బడిలో చదివింది. అచ్చమాంబకు బడి లేదు, తమ్ముడి సాయంతో ఇంట్లోనే భాషలు నేర్చుకున్నారు. ఇంకా ముఖ్యమైన తేడా రాతలో. అచ్చమాంబ 'అబలాసచ్చరిత్ర రత్నమాల'లో ఆడవాళ్ళు ఏమేం చేయగలిగారో చూపించి వాదించారు. ఆమె కథలో బీదరికంలో భర్త దొంగతనం వైపు మళ్ళితే భార్య దారికి తెస్తుంది, కాపురం నిలబడుతుంది. క్వేదర్ తొలి పుస్తకంలో కాపురం నిలబడదు. పురుడు, దెబ్బలు, మోసపోయిన పిల్ల, కూలికి అరిగిపోయిన శరీరం, ఇవి ఉంటాయి. ఓదార్పు వాక్యం ఉండదు. అందుకే అక్కడి విమర్శకులు విరుచుకుపడ్డారు. ఆ వాతావరణం ఎలాంటిదంటే, అంతకు ముందు ఏడాది 1899లోనే లుబ్లియానా బిషప్ యెగ్లిచ్, ఇవాన్ త్సాంకర్ కవితల పుస్తకం ప్రతులు కొనిపించి కాల్పించాడు. రాసింది మగవాడైతేనే అలా ఉంటే, ఇరవై రెండేళ్ళ అమ్మాయి ప్రాగ్‌లో సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్న పుస్తకానికి ఎలా ఉండి ఉంటుందో పిల్లలు ఊహించగలరు.

భాష విషయంలో మనకు ఇంకో పోలిక దొరుకుతుంది, నాకైతే ఇది అచ్చమాంబ పోలిక కంటే గట్టిది. లుబ్లియానాలో పై స్థాయి పాలనకు, పెద్ద చదువుకు జర్మన్ ఉండేది. స్త్రీల హక్కుల మాట స్లోవేన్‌లో రాయడమే ఒక పని. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘసంస్కరణ సభ జరిగింది, అధ్యక్షులు స్త్రీ విద్యకు జీవితం పెట్టిన కర్వే. ఆ సభలోనే ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. సంస్కరణ వేదిక మీదే మన భాషకు చోటు లేకపోయింది. 'స్లోవెంకా' ఎందుకు మొదట భాష గురించి, తర్వాత హక్కుల గురించి మాట్లాడిందో ఈ సంఘటనతో పాలమూరు, నల్లగొండ పిల్లలకు ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

పంతులమ్మల సంగతి కూడా చేర్చండి, కాలేజీ పిల్లల్లో బీఈడీకి వెళ్ళేవాళ్ళు ఉంటారు. అప్పట్లో ఆస్ట్రియాలోని పలు ప్రాంతాల్లో బడి పంతులమ్మ పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం వదులుకున్నట్టే. పంతులుకు ఆ నిబంధన లేదు. స్త్రీల పత్రికల్లో దీనిమీద గట్టి చర్చ నడిచింది.

డిండి వాగు:

ఒక చేర్పు, ఒక భిన్నాభిప్రాయం. సంభాషణలు నల్లగొండ మాటతీరులో రాయడానికి అభ్యంతరం లేదు, కథనం మాత్రం మామూలు తెలుగులో ఉంచండి. క్వేదర్ కథనం రాసింది అందరూ చదివే స్లోవేన్‌లో. మొత్తం యాసలో పెడితే ఆమె పల్లె కథలు చెప్పే రచయిత్రి అనే అభిప్రాయం కలుగుతుంది. అది ఆమె పనిలో ఒక భాగం మాత్రమే. 1914 నాటి నవల 'న్యెనో జివ్ల్యేన్యె' (ఆమె జీవితం) పెళ్ళి లోపలి నరకం గురించి, 'హాంకా' యుద్ధకాలపు ఉత్తరాల రూపంలో సాగుతుంది.

చార్టు లెక్క: దూరం నుంచి కనబడేలా చేత్తో రాస్తే పెద్ద చార్టుకు మూడు వందల మాటలు దాటకూడదు. రెండు చార్టులంటే ఆరు వందలు. కాబట్టి కథ ఎంచుకునేటప్పుడే చిన్నది చూడండి. మధ్యలో పేరాలు కోసి అతికించకండి, అంత చిన్న కథలో ఏ పేరా తీసినా చివరి దెబ్బ తగలదు. పెద్ద కథే కావాలంటే మూడో చార్టు కొనండి.

నల్లగొండ చదువరి:

మూడో చార్టు కొంటుండ్రు. జీవితం చార్టుల పెండ్లి వివరాలు ఒక్క వరుసకు తగ్గించిండ్రు, ఆ జాగల పంతులమ్మల నిబంధన వచ్చింది. పేరు మీద ఇంకా కొట్లాట నడుస్తున్నది: సగం మంది "ఆడదాని మర్మం", సగం మంది "ఆలి" అనే మాట ఎట్లన్నా రావాలె అంటుండ్రు.

పిల్లలమర్రి నీడ:

"ఆలి" పెడితే పెండ్లికాని పిల్లల కథలు బయటపడిపోతయి. ఎంచుకున్న కథల పెండ్లయినామె ఉంటే పుస్తకం పేరుకు ఒకటి, కథ శీర్షికకు ఇంకొకటి పెట్టుకోవచ్చు. మూలం పేరు తెలుగు అక్షరాలల్ల కింద చిన్నగ రాయుండ్రి, "జెనె"ల రెండు చోట్లా ఎత్వమే, "జెనా" అని రాస్తే విభక్తి పోతది.